తాగి ఉన్నాడు కాబట్టి కేసు పోతుందా? గోతిలో పడ్డ బాబాయి గురించి అడిగినవారికి

మీరు అడిగింది ఇదీ. గుంటూరులో మీ బాబాయి గారు ఒక రాత్రి పదిన్నర ప్రాంతంలో స్నేహితుడి ఇంట్లో రెండు పెగ్గులు తాగి నడుచుకుంటూ ఇంటికి వస్తున్నారు. డ్రైనేజీ పైపుల కోసం వీధిలో తవ్విన గొయ్యి ఉంది, చుట్టూ బారికేడ్ లేదు, ఎర్ర దీపం లేదు, స్తంభం మీద లైటు వెలగడం లేదు. అందులో పడి తొడ ఎముక విరిగింది, ఆపరేషన్ చేసి రాడ్ వేశారు, మూడు నెలలు మంచం. కాంట్రాక్టరును అడిగితే "తాగి పడినవాడికి నేనెందుకు డబ్బులివ్వాలి" అన్నాడు, ఇంట్లో పెద్దవాళ్లేమో పరువు పోతుంది వదిలెయ్యమంటున్నారు. కేసు నిలబడుతుందా, అదే బండి మీద అయితే ఎలా ఉండేది, తాగించిన స్నేహితుడి మీద కూడా వెయ్యొచ్చా అని మూడు అడిగారు.

నిలబడుతుంది. ఇరవై ఆరేళ్లుగా విజయవాడ, గుంటూరు కోర్టుల్లో ఎక్కువగా ప్రమాదాల కేసులే చూస్తున్నాను, బాధితుల తరఫునా చేశాను, కొన్నాళ్లు ఇన్సూరెన్స్ వాళ్ల తరఫునా చేశాను, కాబట్టి "తాగి ఉన్నాడు" అనే మాటని అటువైపు వకీలు ఎలా వాడతాడో నాకు బాగా తెలుసు. ఆ మాట వినపడగానే బాధితుడి ఇంట్లోవాళ్లు తల దించుకుంటారు, ఎంతిస్తే అంతకి సంతకం పెట్టేస్తారు. చట్టం అడగని సిగ్గుని వాళ్లే నెత్తిన వేసుకుంటారు. అలా నష్టపోయిన ఇళ్లు చాలా చూశాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి, జనం వాటిని కలిపేస్తారు. తాగినవాడు ఎంత జాగ్రత్తగా ఉండాలి అనేది ఒకటి. తాగినవాడి పట్ల ఎదుటివాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలి అనేది రెండోది. మొదటిదానికి చట్టం ఏ మినహాయింపూ ఇవ్వదు. మామూలు బుద్ధి ఉన్న మనిషి ఆ చోట ఎలా నడుచుకుంటాడో అదే కొలత, మత్తులో ఉన్నాను, తెలియలేదు అంటే కుదరదు. 1971లో ఇంగ్లండ్‌లో నెటిల్‌షిప్ వర్సెస్ వెస్టన్ అనే కేసులో డ్రైవింగ్ నేర్చుకుంటున్నావిడకి కూడా అనుభవమున్న డ్రైవరు కొలతే పెట్టారు. కొత్తగా నేర్చుకుంటున్న మనిషికే తగ్గింపు లేనప్పుడు తనంతట తాను తాగినవాడికి ఎక్కడ ఉంటుంది? కానీ రెండో ప్రశ్నకి కూడా జవాబు అదే. ఎదురుగా ఉన్నవాడు తాగి ఉన్నాడు కాబట్టి నేను కొంచెం అజాగ్రత్తగా ఉన్నా పరవాలేదు అని ఎవరూ అనుకోకూడదు. మీ బాబాయి గారి కేసంతా ఈ రెండో దాని మీదే నడుస్తుంది.

మేం కోర్టులో డ్యూటీ ఆఫ్ కేర్ అంటాం, తెలుగులో జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత అనుకోండి. 1932లో డొనోగ్యూ వర్సెస్ స్టీవెన్‌సన్ కేసులో లార్డ్ అట్కిన్ చెప్పిన సూత్రాన్నే మన కోర్టులూ వాడుతున్నాయి. నా పని వల్ల ఎవరికి దెబ్బ తగిలే అవకాశం ఉందని నేను ముందే ఊహించగలనో వాళ్లందరి పట్లా నాకు బాధ్యత ఉంటుంది. ఇప్పుడు రోడ్డు తవ్వినవాడు ఎవరిని ఊహించాలి? రాత్రి పదిన్నరకి గుంటూరు వీధిలో ఎవరు నడుస్తారు? శుక్లాలున్న పెద్దాయన, ట్యూషన్ నుంచి సైకిల్ మీద వచ్చే పిల్లాడు, పసిబిడ్డని భుజాన వేసుకుని కాళ్ల కిందకి చూడలేని తల్లి, ఇంకా తాగి ఇంటికి వెళ్లేవాడు. ఊళ్లో మద్యం షాపులూ బార్లూ ప్రభుత్వ లైసెన్సుతోనే నడుస్తున్నాయి. అలాంటప్పుడు రాత్రిపూట రోడ్డు మీద తాగినవాళ్లు నడుస్తారని మేం అనుకోలేదు అని ఏ కాంట్రాక్టరూ ప్రమాణం చేసి చెప్పలేడు.

సరిగ్గా ఇలాంటి గొయ్యి కేసు ఒకటి 1964లో ఇంగ్లండ్ హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది, హేలీ వర్సెస్ లండన్ ఎలక్ట్రిసిటీ బోర్డు. చూపు లేని ఒకాయన కర్ర పట్టుకుని వెళ్తున్నాడు, కేబుల్ కోసం తవ్విన గోతికి ముందు పనివాళ్లు ఒక పనిముట్టుని ఏటవాలుగా అడ్డం పెట్టారు, చూపున్నవాళ్లకి అది చాలు, ఈయన కర్రకి అందలేదు, పడిపోయాడు, వినికిడి పోయింది. చూపు లేనివాళ్లు కూడా ఫుట్‌పాత్ మీద నడుస్తారని తెలిసిందే కాబట్టి వాళ్లకి సరిపోయే అడ్డు పెట్టాల్సిందే అని తీర్పిచ్చారు. ఆయన తాగలేదు కదా అంటారేమో. 1855లోనే కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో రాబిన్‌సన్ వర్సెస్ పియోష్ అనే కేసు ఉంది, తాగి ఉన్న మనిషి మూత వెయ్యని గోతిలో పడ్డాడు. కింది కోర్టు అతని తాగుడు వైపు చూసింది. పై కోర్టు చెప్పిందేమిటంటే, తాగనివాడికి భద్రమైన వీధి మీద ఎంత హక్కుందో తాగినవాడికీ అంతే ఉంది, నిజానికి దాని అవసరం అతనికే ఇంకా ఎక్కువ. విదేశీ తీర్పులకి మన కోర్టులు కట్టుబడి ఉండక్కర్లేదు గానీ, నిర్లక్ష్యం చట్టం మన దగ్గర ఎక్కువ భాగం తీర్పుల మీదే పెరిగింది కాబట్టి ఇలాంటివి చూపిస్తే జడ్జిగారు వింటారు.

ఇక అటువైపు వకీలు తెచ్చేది కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్. దెబ్బ తిన్నవాడి తప్పు కూడా ఉంది కాబట్టి పరిహారంలో కొంత కొయ్యండి అంటాడు. ఇక్కడే మీరు గట్టిగా నిలబడాలి. తాగడం వేరు, తాగడం వల్ల పడడం వేరు. 2020 జనవరిలో మన సుప్రీంకోర్టు మహమ్మద్ సిద్దిఖ్ వర్సెస్ నేషనల్ ఇన్సూరెన్స్ కేసులో ఈ తేడా చాలా స్పష్టంగా చెప్పింది. బైక్ మీద ముగ్గురు వెళ్తున్నారు, వెనక నుంచి కారు గుద్దింది, వెనక కూర్చున్న కుర్రాడు చనిపోయాడు. ముగ్గురెక్కారు కాబట్టి వాళ్ల తప్పూ ఉందని హైకోర్టు పరిహారం కోసింది. ముగ్గురెక్కడం చట్టవిరుద్ధమే, కానీ దానివల్లే ప్రమాదం జరిగిందనో, దానివల్లే దెబ్బ పెద్దదైందనో చూపించకుండా ఊరికే కొయ్యకూడదని సుప్రీంకోర్టు ఆ కోతని ఎత్తేసింది. మీ బాబాయి గారికీ ఇదే తర్కం. పైగా ముగ్గురెక్కడం నేరం, తాగి నడవడం నేరమే కాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములనే హద్దు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185లోది, బండి నడిపేవాడికే వర్తిస్తుంది. తాగి రోడ్డు మీద జనాన్ని ఇబ్బంది పెడితే భారతీయ న్యాయ సంహితలో చిన్న శిక్ష ఉంది, కానీ ఎవరినీ ఏమీ అనకుండా తన దారిన తను ఇంటికి నడిచి వెళ్లేవాడి మీద ఏ కేసూ ఉండదు.

కాబట్టి అడగాల్సింది ఒక్కటే: అదే చీకట్లో అదే గోతిలో తాగని మనిషి పడేవాడా కాదా? పడేవాడే అని మీరు చూపించగలిగితే మద్యం సంగతి పక్కకి వెళ్లిపోతుంది. అలా కాకుండా చుట్టూ బారికేడ్ ఉండి, దీపం వెలుగుతూ ఉండి, ఆయన దాన్ని తోసుకుని లోపలికి వెళ్లి పడి ఉంటే మాత్రం నేను కేసు వెయ్యమని చెప్పను. మధ్యలో ఉండేవాటిలో, ఉదాహరణకి రిబ్బన్ కట్టారు గానీ అది తెగి కింద పడి ఉంది, లైటు దూరంగా ఉంది, అలాంటప్పుడు కొంత శాతం తగ్గించవచ్చు. బాధితుడి తప్పుందని రుజువు చేసే భారం అవతలి పక్షానిదే, ఈ మాట మీ వకీలుగారికి తప్పకుండా గుర్తుచేయండి.

ఇప్పుడు అసలు యుద్ధం జరిగే చోటుకి వస్తున్నా. అది కోర్టు కాదు, ఆసుపత్రి క్యాజువాలిటీ. అర్ధరాత్రి తీసుకెళ్లినప్పుడు డ్యూటీ డాక్టరు ఎమ్మెల్సీ రిజిస్టర్‌లో, అంటే పోలీసు, కోర్టు దాకా వెళ్లే మెడికో లీగల్ కేసులు రాసే పుస్తకంలో, ఒక లైను రాస్తాడు, మద్యం వాసన వస్తోంది అని. అంతే. రక్తం తియ్యరు, మాట తడబడుతోందో లేదో రాయరు, నిలబడగలడా లేదా చూడరు (తొడ విరిగినవాడు ఎలా నిలబడతాడు?). రెండేళ్ల తర్వాత ఆ ఒక్క లైను పట్టుకుని అవతలి పక్షం కోర్టుకిచ్చే జవాబులో "పూర్తి మత్తులో ఉండి" అని రాస్తారు. వాసనకీ మత్తుకీ మధ్య చాలా దూరం ఉంది. 1971లో బచ్చూభాయ్ కర్యానీ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, వాసన వచ్చినా, నడక తడబడినా, కనుపాపలు పెద్దవైనా, మాట ముద్దగా ఉన్నా, రక్త పరీక్ష లేకుండా మత్తులో ఉన్నాడని ఖాయంగా తేల్చలేం అని. అది క్రిమినల్ కేసు, మీది సివిల్, ఇక్కడ రుజువు స్థాయి తక్కువ, అయినా డాక్టరుని బోనులో ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు ఆ తీర్పు బాగా పనికొస్తుంది.

రక్తం తీసి ఉంటే రిపోర్టుని గుడ్డిగా నమ్మకండి, ఎప్పుడు తీశారో టైము చూడండి. శరీరం 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకి సుమారు 15 నుంచి 20 మిల్లీగ్రాముల ఆల్కహాల్ తగ్గించుకుంటూ పోతుంది, కాబట్టి నాలుగు గంటల తర్వాత తీసిన రక్తం ప్రమాద సమయం గురించి నేరుగా చెప్పదు, వెనక్కి లెక్కగట్టాలి, అది అటూ ఇటూ ఎటైనా పోవచ్చు. సూది గుచ్చే ముందు స్పిరిట్‌తో తుడిస్తే శాంపిల్ చెడే ప్రమాదం ఉంది. శాంపిల్ చెడకుండా సీసాలో సోడియం ఫ్లోరైడ్ వేశారా అన్నది కూడా అడగాలి. మనిషి చనిపోయిన కేసుల్లో ఇంకో చిక్కు, శవం కుళ్లేటప్పుడు లోపలే ఆల్కహాల్ పుడుతుంది, అందుకని పోస్ట్‌మార్టం ఆలస్యమైతే ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి వచ్చిన అంకెని అలాగే ఒప్పుకోకూడదు.

ఎక్కడ వెయ్యాలి అంటే, ఇందులో వాహనం లేదు కాబట్టి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్లదు. సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వెయ్యాలి, కాంట్రాక్టరునీ, పని చేయిస్తున్న శాఖనీ ఇద్దరినీ పార్టీలు చెయ్యాలి, ఎందుకంటే కాంట్రాక్టరు శాఖ మీదకీ శాఖ కాంట్రాక్టరు మీదకీ తోసేస్తారు. ప్రభుత్వ శాఖ అయితే ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 80 నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. గడువుల విషయంలో రిస్కు తీసుకోకండి, ప్రభుత్వ పనుల విషయంలో గడువు మామూలు మూడేళ్ల కంటే బాగా తక్కువ ఉండొచ్చు, ఆర్నెల్లలోపే దాఖలయ్యేలా చూసుకోండి. అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, అది భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సాయానికి అర్హత ఉందేమో అడగండి. గొయ్యి అలా వదిలేసిన సంగతి ఎవరూ కాదనలేని పరిస్థితి ఉంటే నేలపాడులోని హైకోర్టులో ఆర్టికల్ 226 కింద రిట్ వేసే దారి కూడా ఉంది, కానీ వాళ్లు బారికేడ్ పెట్టామని వాదిస్తే సాక్ష్యం తీసుకోవాలి కాబట్టి మళ్లీ సివిల్ కోర్టుకే పొమ్మంటారు.

బండి మీద అయితే లెక్క మారిపోతుంది. నడిపేవాడే తాగి ఉండి తనే దెబ్బ తింటే అతని పరిస్థితి చాలా బలహీనం. ఓనర్ డ్రైవర్‌కి ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ మద్యం ప్రభావంలో ఉంటే రాదు, బండికి జరిగిన డ్యామేజీ కూడా రాదు. టెస్టు చెయ్యలేదు కదా అని ధీమాగా ఉండొద్దు, 2021లో ఇఫ్కో టోకియో వర్సెస్ పెర్ల్ బెవరేజెస్ కేసులో, టెస్టు లేకపోయినా మిగతా పరిస్థితుల్ని బట్టి మత్తుని రుజువు చెయ్యొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. అందులో పోర్షే కారు తెల్లవారుజామున ఫుట్‌పాత్‌ని గుద్దింది, ఇన్సూరెన్స్ కంపెనీయే గెలిచింది. ఇంతకుముందు చెప్పిన 1971 నాటి బచ్చూభాయ్ తీర్పుతో పాటు దీన్నీ దగ్గర పెట్టుకోండి, మీ మీదకి తెచ్చేది ఇదే.

అదే తాగి నడిపినవాడు వేరేవాళ్లని గుద్దితే, దెబ్బ తిన్నవాళ్లు భయపడక్కర్లేదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 150లో తాగి నడపడాన్ని కూడా కంపెనీ చెప్పుకోగల షరతుల్లో చేర్చారు, దాన్ని చూపించి చేతులు దులుపుకోవాలని చూస్తారు, కానీ బయటి మనిషికి ముందు కంపెనీ కట్టి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోవాలన్నదే కోర్టులు అనుసరిస్తున్న పద్ధతి, కేరళ హైకోర్టు 2023లో తాగిన డ్రైవరు కేసులోనే ఇది చెప్పింది. తాగిన స్నేహితుడి బండి వెనక తెలిసి ఎక్కినవాడికి మాత్రం కొంత కోత పడొచ్చు, 1977 నాటి ఓవెన్స్ వర్సెస్ బ్రిమెల్ అనే ఇంగ్లిష్ కేసులో 20 శాతం కోశారు. అంతకంటే పెద్ద ప్రమాదం పాలసీలో ఉంది: థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్న బైక్ పాలసీ వెనక కూర్చున్నవాడికి వర్తించదని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాంప్రహెన్సివ్ ఉందో లేదో ముందు చూడండి. వాహన కేసుల్లో అదే చట్టం సెక్షన్ 166 కింద ట్రిబ్యునల్‌లో వేసే పరిహారం పిటిషన్‌కి 2022 ఏప్రిల్ 1 నుంచి ఆర్నెల్ల గడువు ఉంది.

స్నేహితుడి మీద వెయ్యొచ్చా అన్నారు, వద్దు. ఇంటికి పిలిచి పెగ్గు పోసినంత మాత్రాన బాధ్యత రాదు. 2006లో కెనడా సుప్రీంకోర్టు చైల్డ్స్ వర్సెస్ డెసోర్మో కేసులో, ఇంట్లో పార్టీ ఇచ్చినవాళ్ల మీద అలాంటి బాధ్యత పెట్టలేమంది. బార్ సంగతి కొంచెం వేరు, అదే కోర్టు 1973లో జోర్డన్ హౌస్ హోటల్ కేసులో, రోజూ వచ్చే తాగుబోతని తెలిసీ రాత్రిపూట హైవే మీదకి గెంటేసిన హోటల్‌ని కూడా బాధ్యుణ్ని చేసి, నష్టాన్ని హోటల్‌కీ, గుద్దిన డ్రైవరుకీ, దెబ్బ తిన్నవాడికీ మూడు సమాన భాగాలుగా పంచిన కింది కోర్టు తీర్పునే సమర్థించింది. మన దగ్గర బార్ మీద అలా బాధ్యత వేసే ప్రత్యేక చట్టం లేదు. కానీ ఒక గీత మాత్రం గుర్తుంచుకోండి. తాగకుండా ఆపే బాధ్యత ఎవరికీ ఉండకపోవచ్చు, పడిపోయిన మనిషిని ఒకసారి చేతుల్లోకి తీసుకున్నాక మాత్రం సరిగ్గా చూసుకోవాలి. ఇంగ్లండ్‌లో బ్యారెట్ కేసు అలాంటిదే. నౌకాదళ స్థావరంలో తెగ తాగి స్పృహ తప్పినవాణ్ని తీసుకెళ్లి మంచం మీద పడేసి సరిగ్గా కనిపెట్టుకోలేదు, వాంతి గొంతుకి అడ్డం పడి చనిపోయాడు. తాగినంతవరకూ తప్పు అతనిదే అన్నారు, పడిపోయాక చూసుకోకపోవడం మాత్రం వాళ్ల తప్పే అన్నారు.

ఇది రాస్తుంటే మా మేనమామ కొడుకు గుర్తొస్తున్నాడు. 2009లో విజయవాడలో ఒక పెళ్లి రిసెప్షన్ నుంచి వస్తూ మెట్ల మీద పడ్డాడు, తలకి చిన్న బొప్పి, నోట్లోంచి మందు వాసన. ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే "దిగాక చూద్దాం, పడుకోనివ్వండి" అని ఒక మూల మంచం మీద పడుకోబెట్టారు. గంటగంటకీ లేపి చూడలేదు, కనుపాపలు చూడలేదు, షుగర్ చూడలేదు, స్కాన్ తియ్యలేదు. నేనూ అక్కడే ఉన్నాను, తాగి నిద్రపోతున్నాడనే అనుకున్నాను. తెల్లారేసరికి ఒక కనుపాప పెద్దదైంది, మెదడులో రక్తం గడ్డకట్టింది. బతికాడు, కానీ ఇప్పటికీ మాట కూడబలుక్కుని మాట్లాడతాడు. తలకి దెబ్బ తగిలినవాడి మగతనీ మద్యం మగతనీ పైకి చూసి వేరుచెయ్యలేం, అందుకే తాగి వచ్చినవాణ్ని ఇంకా ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. అత్యవసరంలో వచ్చిన ఏ మనిషినైనా డాక్టరు చూడాల్సిందేనని 1989లో పరమానంద్ కటారా తీర్పు చెప్పింది, అందులో తాగినవాళ్లు తప్ప అని ఎక్కడా లేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే గొడవపడైనా సరే స్కాన్ తీయించండి.

మళ్లీ మీ గొయ్యి దగ్గరికి వద్దాం. ఇంకా పూడ్చకపోతే ఈ రాత్రే వెళ్లి ఫొటోలూ వీడియోలూ తియ్యండి, పగటివి చాలవు, ప్రమాదం జరిగిన టైముకే ఎంత చీకటో కనపడాలి. టేపు పెట్టి లోతు, వెడల్పు కొలవండి. పక్క షాపుల సీసీ కెమెరాల్లో రికార్డు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది, ఆ రాత్రిది దొరికితే అదృష్టమే. లైటు వెలగడం లేదని ఎవరైనా అంతకుముందు కంప్లైంట్ పెట్టి ఉంటే ఆ నంబరు, ఇంకెవరైనా అందులో పడి ఉంటే వాళ్ల మాట చాలా విలువైనవి. పనికిచ్చిన టెండరు షరతులు ఆర్టీఐలో అడగండి, బారికేడ్లూ దీపాలూ పెట్టాలని అందులో రాసి ఉంటే కాంట్రాక్టరు మాట అక్కడే ఆగిపోతుంది. పోలీసులకి ఫిర్యాదు ఇవ్వకపోతే ఇప్పుడైనా ఇవ్వండి, ఆలస్యానికి కారణం ఆసుపత్రిలో ఉండడమే అని రాయండి.

చివరగా బోను సంగతి. చాలామంది బంధువులు "అసలు తాగనే లేదని చెప్పించు" అంటారు, మీ పెద్దవాళ్లూ అంటారు. అస్సలు వద్దు. ఎమ్మెల్సీ రిజిస్టర్‌లో వాసన అని ఉండగా ఆయన కాదంటే, ఆ ఒక్క అబద్ధంతో చీకటి గురించి చెప్పిన నిజం కూడా పోతుంది. తాగారా అని అడిగితే తాగానని, ఎంత అని అడిగితే రెండు పెగ్గులని, ఎంత దూరం నడిచారని అడిగితే ఫలానా సందు నుంచి ఫలానా చోటు దాకా ఎక్కడా పడకుండా నడిచానని చెప్పమనండి. ఆ తర్వాత కాంట్రాక్టరు బోనెక్కుతాడు కదా, ఆ గోతి దగ్గర ఆ రాత్రి దీపం పెట్టారా అని మన వకీలు అతన్ని అడుగుతారు.